శుక్రవారం పార్కులో మిగిలిన గింజ

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళని చూస్తే నాకు చిన్నప్పటి నుంచి ఒళ్ళు మంట. మా నాన్న మిషన్ బడిలో మాస్టారు. ఇంటికొచ్చినవాళ్ళు ఎవరైనా ఫలానా చోట ఏదో తిరుగుతోందట అంటే చాలు, ఆయన కళ్ళజోడు సర్దుకుని, "నువ్వు చూశావా? ఎన్ని గంటలకి? వెలుతురు ఉందా?" అని మొదలుపెట్టేవారు. రెండో ప్రశ్నకే వాళ్ళు నీళ్ళు నమిలేవాళ్ళు. ఆ గుణం నాకూ వచ్చింది.

అందుకే ఈ సంగతి ఆయన ప్రశ్నలన్నీ నాకు నేను వేసుకుని మరీ రాస్తున్నాను. సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర మధ్య జరిగింది. వెలుతురు బాగానే ఉంది. చుట్టూ డెబ్భై ఎనభై మంది ఆడవాళ్ళున్నారు.

అరవై ఏడో, అరవై ఎనిమిదో. విజయనగరం అప్పటికింకా జిల్లా కాలేదు. మేమున్న ఊరు అక్కడికి బస్సులో గంట లోపే. ఊరి పేరు రాయను, ఇందులో ఉన్న మనుషుల పిల్లలు ఇంకా అక్కడే కాపురాలు చేసుకుంటున్నారు. మా ఆయన నెల్లిమర్ల మిల్లులో గుమాస్తా. పొద్దున్నే పోతే దీపాలు పెట్టాకే ఇంటికొచ్చేవారు.

ఆ ఊరికి ఉన్నది ఒకటే పార్కు. ఎవరింట్లో పెళ్ళి విందైనా, ఎవరికి సన్మానమైనా, ఏ సంఘం మీటింగైనా అక్కడే. ముందుగా అర్జీ పెట్టుకోవాలి. ఎవరి అర్జీ ముందు చేరితే ఆ సాయంత్రం వాళ్ళది. గేటుకి ఒక పలక వేలాడేది, ఈ రోజు పార్కు ఫలానావారికి అని దాని మీద సుద్దతో రాసేవారు. అది చదువుకుని మిగతా జనం గొణుక్కుంటూ వెనక్కి తిరిగేవారు. ఎవరూ రిజర్వు చేసుకోని రోజుల్లో అది మగవాళ్ళ రాజ్యం. బెంచీల మీద పేకాట, పేపరు, రాజకీయాలు. ఆడమనిషి లోపలికి అడుగుపెడితే అందరి కళ్ళూ ఆమె మీదే.

ఊళ్ళో మహిళా సమాజం వాళ్ళు తిరిగి తిరిగి, అర్జీ మీద అర్జీ పెట్టి, చివరికి శుక్రవారం సాయంత్రాలు సాధించారు. నాలుగు నుంచి ఆరు దాకా పార్కు ఆడవాళ్ళకి మాత్రమే రిజర్వు. కొందరు మగవాళ్ళు చాలా రోజులు వెటకారాలాడారు. మేం పట్టించుకోలేదు. గడ్డి మీద కాళ్ళు చాపుకుని కూర్చోవడం ఎంత సుఖమో, మాలో సగం మందికి ఆ శుక్రవారాల్లోనే తెలిసింది.

శుక్రవారం గేటు దగ్గర కావలికి ఆడమనిషినే పెట్టారు. ఆమె పేరు అప్పలనరసమ్మ. యాభై దాటిన మనిషి, గొంతు విప్పితే వీధి చివరికి వినపడేది. మొదటి నెలలోనే ఒక పొరపాటు జరిగింది. ఎవరో ఇల్లాలు పొదల వెనక చల్లగాలికి నిద్రపోయింది, అది చూడకుండా గేటుకి తాళం వేసేశారు. ఆమె మొగుడు ఊరంతా గగ్గోలు చేశాడు. ఇంకోసారి ఇలా జరిగితే శుక్రవారం రద్దు చేసేస్తామని పైవాళ్ళు గట్టిగా చెప్పేశారు.

అప్పలనరసమ్మకి చదువు రాదు. కాని ఆ మర్నాడే ఒక పద్ధతి కనిపెట్టింది. ఒక ముంత, ఒడి నిండా చింతగింజలు పెట్టుకుని గేటు పక్కన కూర్చునేది. ఒక మనిషి లోపలికి అడుగుపెడితే ముంతలో ఒక గింజ వేసేది. బయటికి అడుగుపెడితే ఒక గింజ తీసేసేది. చంకబిడ్డలకి గింజ లేదు, నడిచే పిల్లలకి ఉంది. ఆరు గంటలకి గంట కొట్టి, అందరూ వెళ్ళాక ముంత బోర్లించి చూపించేది. ముంత ఖాళీ అయితేనే తాళం. ఏడాదిన్నరలో ఆ లెక్క ఒక్కసారి కూడా తప్పినట్టు నేను చూడలేదు. మేం కబుర్లు పెడితే, "మాటాడకండమ్మా, గింజ తప్పిపోతాది," అని కసిరేది.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్పాలి. మా అక్క ఎస్తేరు మిషన్ ఆసుపత్రిలో నర్సు. నాకంటే ఆరేళ్ళు పెద్దది. ఈ సంగతి జరగడానికి రెండేళ్ళ ముందు విషజ్వరం వచ్చి తొమ్మిది రోజుల్లో పోయింది. చర్చి వెనక సమాధుల తోటలో పూడ్చాం. తల దువ్వింది నేనే, చీర కట్టింది నేనే. మా బావ ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగి, పిల్లని చూసుకోలేనని కూతుర్ని నా దగ్గర వదిలాడు. దాని పేరు రూతు. అప్పటికి తొమ్మిదేళ్ళది.

రూతు మంచి పిల్లే. నాకే కోపం ముక్కు మీద ఉండేది. నాకింకా పిల్లలు లేరు, ఓర్పూ లేదు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం బడి నుంచి వచ్చిన రూతు చేతికి మా అక్క గడియారం ఉంది. అది నా పెట్టెలో, బట్టల అడుగున ఉండాల్సింది. పొద్దున నేను వంటలో ఉండగా తీసి పెట్టుకుని బడికి పోయింది. అద్దం మీద బీట. నాకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. లాక్కుని, పెట్టెలో పెట్టి, తాళం వేసి చెవి బొడ్లో దోపుకున్నాను. "ఈవేళ నీకు పార్కు లేదు. పక్కింట్లో కూర్చో. మీ అమ్మే ఉంటే నీ వీపు చీరేసేది," అన్నాను. అది అబద్ధం. మా అక్క ఆ పిల్ల మీద ఒక్కనాడూ చెయ్యి ఎత్తలేదు.

రూతు ఏడవలేదు. నా వైపు ఒకసారి చూసి పక్కింటి అరుగు మీద కూర్చుంది. నేను తల దువ్వుకుని, పిల్లని ఒకసారి చూస్తూ ఉండమని పక్కింటావిడకి చెప్పి, పార్కుకి వెళ్ళాను.

మేం ఎప్పుడూ కూర్చునే సిమెంటు బెంచీ పార్కు మధ్యలో ఉంది. దాని వెనక నుంచి ఒక బాట పంపుషెడ్డు వైపు పోతుంది. అటు ఎవరూ వెళ్ళరు. కుళాయిలు రాకముందు మొక్కలకి నీళ్ళు పట్టడానికి నేలలోకి లోతుగా కట్టిన పాత తొట్టి ఒకటి అక్కడ ఉంది. దాని మీద చెక్కలు పరిచి ఉండేవి, చెక్కల మీద తీగలు అల్లుకున్నాయి. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి, తొట్టిలో నీళ్ళు నిలిచాయి. ఆ సంగతి మాకెవరికీ తెలియదు.

నేను స్నేహితురాళ్ళ మధ్య కూర్చుని రూతు మీద చాడీలు చెప్పాను. గడియారం దగ్గర మొదలుపెట్టి, తినదని, మాట వినదని, పరాయి బిడ్డని పెంచడం ఎంత కష్టమో మీకేం తెలుసని ఒకటే ఏకరువు. వాళ్ళు అయ్యో అన్న కొద్దీ నాకు ఉత్సాహం పెరిగింది.

ఆరయ్యింది. గంట కొట్టారు. ఆ సాయంత్రం గేటు బయట పందిరివాళ్ళు కాచుకుని ఉన్నారు. మర్నాడూ ఆదివారమూ ఏదో పెళ్ళివారికి పార్కు రిజర్వు అయ్యింది. మేం బయటికి వస్తే రాటలు పాతుకోవాలని వెదుళ్ళూ తాళ్ళూ బండిలో పెట్టుకుని నిలబడ్డారు. మేం ఒక్కొక్కరం బయటికి వచ్చాం, అప్పలనరసమ్మ గింజలు తీసింది. ఆఖరున ముంత బోర్లిస్తే అందులోంచి ఒక గింజ పడింది.

పందిరి మేస్త్రి అప్పటికే సగం గేటు తోశాడు. అప్పలనరసమ్మ లేచి అడ్డం నిలబడింది.

"ఆగరా. ఒగ గింజ ఉండిపోనాది. లోపల ఇంకో మనిసి ఉన్నాది."

"ఎవులూ లేరే అప్పలనరసమ్మా. సూడు, కాళీగా ఉన్నాది. ఏ ఎలకో తెచ్చి పడేసుంటాది."

"ఎలక గింజ ఎత్తుకుపోతాది గానీ తెచ్చి ఎయ్యదు. ఆడమనిసి లోపలుండగా మగోడ్ని అడుగెట్టనివ్వను. ఏటి సేస్తావో సేసుకో."

మేస్త్రి నెత్తి కొట్టుకున్నాడు. మా స్నేహితురాళ్ళు చాలామంది అప్పటికే వీధి మలుపు తిరిగారు. అప్పలనరసమ్మ గేటు వదిలి కదలదు. అక్కడ మిగిలినవాళ్ళలో నన్నూ ఇంకొకావిణ్ణీ పట్టుకుని లోపలంతా ఒకసారి చూసి రమ్మంది. నాకు చిరాకేసింది. మా ఆయన వచ్చే వేళయింది, పొయ్యి కూడా వెలిగించలేదు. ఈ ముసలిదాని చింతగింజ కోసం మళ్ళీ పార్కంతా తిరగాలా అని తిట్టుకుంటూ వెళ్ళాను.

ఆవిడ ముందు వైపు పొదలు చూసింది. నేను వెనక్కి నడిచాను. పంపుషెడ్డు దాటాక ఏదో చప్పుడు వినిపించింది. ఇనుము మీద గోటితో కొట్టినట్టు చాలా చిన్నగా, ఆగి ఆగి. తీగల మధ్య రెండు చెక్కలు విరిగి ఉన్నాయి. వంగి చూశాను.

లోపల రూతు ఉంది.

గడ్డం దాకా నీళ్ళు. గోడ నుంచి బయటికి వచ్చిన ఒక తుప్పు గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకుని వేలాడుతోంది. పెదాలు నీలంగా అయిపోయాయి. నన్ను చూసి "పిన్నీ" అనబోయింది, గొంతు రాలేదు. అరిచి అరిచి పోయింది. షెడ్డు అవతల, నేల లోపలి నుంచి ఆ అరుపు మా దాకా రాలేదు.

నేను పెట్టిన కేకకి అప్పలనరసమ్మ గేటు బార్లా తెరిచి, "రండిరా, బేగి రండి!" అని మేస్త్రినీ వాళ్ళనీ లోపలికి తోలింది. వాళ్ళు తాళ్ళూ వెదురూ వేసి పిల్లని పైకి లాగారు. ఆ మేస్త్రే తన తలపాగా విప్పి దాని ఒళ్ళు తుడిచాడు. తర్వాత ఆసుపత్రిలో కంపౌండరు చూసి, ఇంకో పావుగంటయితే చేతులు వదిలేసేదమ్మా అన్నాడు. ఆ పావుగంటలో పందిరివాళ్ళు రాటలు పాతడం మొదలుపెట్టి ఉండేవాళ్ళు. ఆ చప్పుళ్ళలో గోటి చప్పుడు ఎవరికి వినపడుతుంది? తర్వాత రెండు రోజులు అటువైపు ఎవరు వెళ్తారు?

పిల్లని ఎత్తుకుని గేటు దాటుతుంటే అప్పలనరసమ్మ నేల మీద గింజ తీసి ఒడిలో వేసుకుంది. "లెక్క సరిపోనాది," అంది. నేను ఆమె కాళ్ళు పట్టుకోవలసింది. పిల్లని పట్టుకుని ఉన్నాను కాబట్టి ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున రూతుకి జావ తాగిస్తూ, అసలు లోపలికి ఎలా వచ్చావే అని అడిగాను. నా వెనకాలే వచ్చిందట. గేటు దగ్గర అప్పలనరసమ్మ చూస్తే నాకు చెప్పేస్తుందని భయపడి, పార్కు వెనక్కి వెళ్ళి గోడ కూలిన చోట ఎక్కి దూకిందట. గడియారం పగలగొట్టినందుకు తప్పయిందని నాతో చెప్పడానికి వచ్చిందట. షెడ్డు పక్క నుంచి వస్తూ చెక్కల మీద కాలు వేసింది.

నాకు జావ గిన్నె చేతిలో ఉండగానే ఆ ఆలోచన వచ్చింది. రూతు గేటులోంచి రాలేదు. అప్పలనరసమ్మ దాన్ని చూడలేదు. మరి దానికి గింజ ఎవరు వేశారు? లెక్క ప్రకారం లోపల రూతు ఉన్నా ముంత ఖాళీగానే ఉండాలి. మేస్త్రి రాటలు పాతుకోవాలి.

పిల్లని పక్కింటావిడకి అప్పగించి అప్పలనరసమ్మ ఇంటికి వెళ్ళాను. వాకిట్లో కూర్చుని చేటలో బియ్యం ఏరుకుంటోంది. విషయం చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టింది.

"ఆ గింజ పాపది కాదమ్మా. నాకూ రేత్రి నుంచి అదే ఇదిగా ఉన్నాది. ఆ గింజ ఆ కొత్తావిడది."

"ఏ కొత్తావిడ?"

"తెల్ల సీర, నీలం అంచు. మన ఊర్లో శుక్కురోరం వచ్చేటోళ్ళందరి మొకాలూ నాకు తెలుసు. ఆవిణ్ణి నానెప్పుడూ సూడ్లేదు. గంట కొట్టడానికి ఇంకా సేనా ఉన్నాది, అప్పుడొచ్చినాది. గేటు ఎన్నింటికి మూసేస్తారు అని అడిగినాది. ఆరింటికమ్మా అన్నాను. సేతి గడియారం సూసుకున్నాది. నాను గింజేసినాను. మరి బయిటికి రానేదు. పాపని మీరు తీసుకుపోనాక ఆవిడ గురుతొచ్చి నాను, పందిరోళ్ళు మూల మూలా ఎతికినాం. మనిసి లేదు."

తెల్లచీర నీలం అంచు నర్సులు చాలామంది కడతారు. గడియారం పెట్టుకునే ఆడవాళ్ళు మా ఊళ్ళో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే, అయినా లేకపోలేదు. నాన్న నేర్పిన బుద్ధి ఇంకా పనిచేస్తోంది. ఏ చేతికి పెట్టుకుంది అని అడిగాను.

అప్పలనరసమ్మ తన కుడి చెయ్యి చాపి మణికట్టు వెల్లకిలా తిప్పింది. "ఇదిగో, ఈ సేతికి. అదీ లోపలి పక్కకి. ఇలగ సేసి సూసుకున్నాది. ఇదేటి ఇలగ ఎట్టుకున్నాది అనుకున్నాను."

మా అక్కది ఎడమ చేతి వాటం. అందుకని గడియారం కుడిచేతికి పెట్టుకునేది. రోగుల నాడి పట్టుకున్నప్పుడు కనపడాలని ముఖం లోపలి వైపుకి తిప్పుకునేది. ఆ గడియారం ఆ శుక్రవారం సాయంత్రమంతా నా పెట్టెలో ఉంది, చెవి నా బొడ్లో ఉంది. ఇంటికెళ్ళి తీసి చూశాను. పెట్టిన చోటే, బీటతోనే ఉంది.

మా ఆయన నెమ్మదైన మనిషి. అంతా విని, "వేరే ఊరి నర్సు ఎవరో బంధువులింటికి వచ్చుంటాది. గోడ కూలిన దారినే పోయుంటాది," అన్నారు. ఆ మాట అనడమే కాదు, నా కోసం ఊరంతా వాకబు చేశారు. ఏ ఇంటికీ అలాంటి చుట్టం రాలేదు. మా పాస్టరు గారు "దేవుని కృప అనుకోమ్మా. వివరాలు మాత్రం స్త్రీల కూటంలో చెప్పొద్దు," అన్నారు. నవ్వొచ్చింది గాని, నేను చెప్పలేదు.

రూతు తొట్టిలో ఏమీ చూడలేదు. ఎవరూ కనపడలేదు, ఏ గొంతూ వినపడలేదు. చాలాసార్లు అడిగాను, ప్రతిసారీ అదే చెప్పింది. ఇంత జరిగాక వేరే పిల్లయితే అమ్మ కనిపించిందని ఏదో ఒకటి కల్పించి చెప్పేదే. అది చెప్పలేదు. ఇప్పుడు దానికి మనవలున్నారు. ఇప్పటికీ అదే మాట.

ఇంకొక్క సంగతి ఉంది. మా ఆయనకి కూడా చాలా ఏళ్ళ దాకా చెప్పలేదు.

ఆ పొద్దున వాకిట్లోంచి వెళ్ళబోతూ అప్పలనరసమ్మని అడిగాను, ఆవిడ ఇంకేమైనా అందా అని. అడగకుండా ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను.

"మా సెల్లి వచ్చిందేటి అని అడిగినాది. ఏ సెల్లి అని నాననేలోపే నీ బెంచీ పక్కకి పోనాది. నువ్వేదో సెప్తన్నావు, మిగతా ఆడోళ్ళు తలలూపుతన్నారు. నీ ఎనకాతల నిలబడి ఇన్నాది. సేనా సేపు ఇన్నాది."

నేనేం చెప్తున్నానో మీకు తెలుసు. ఆమె కూతురు అప్పటికి ఆ నీళ్ళలో ఉంది.

"కోపంగా ఉందా?" అని అడిగాను.

"కోపమేటీ లేదమ్మా. నీ కొంగు గడ్డి మీద పడిపోయుంటే తీసి ఎయ్యడానికని వంగినాది. మళ్ళీ ఏటనుకున్నాదో, సెయ్యి ఎనక్కి తీసేసుకున్నాది. అలాగ షెడ్డు పక్కకి ఎల్లిపోనాది. ఒక్క పాలి ఎనక్కి తిరిగి నిన్ను సూసినాది."

గింజ సంగతి ఎవరైనా ఏదో ఒకలా సర్ది చెప్పొచ్చు. ముసలిది లెక్క తప్పింది అనొచ్చు. ఎవరో నర్సు వచ్చి వెళ్ళింది అనొచ్చు. గడియారం అందరూ ఒకేలా పెట్టుకోవాలని లేదు కదా అనొచ్చు. మా నాన్న బతికుంటే ఇంకో పది ప్రశ్నలు వేసేవారు, వాటిలో తొమ్మిదింటికి నేను కూడా జవాబు వెతికి పెట్టాను.

కాని చెయ్యి చాపితే అందేంత దూరంలో, నా వీపు వెనక, చాలాసేపు ఒక మనిషి నిలబడింది. నాకు తల దువ్వి జడవేసిన మనిషి. నేను చెప్పుకుంటూనే పోయాను. ఒక్కసారైనా తల ఎందుకు తిప్పలేదో నాకు ఇప్పటికీ తెలియదు.